గల్ఫ్‌లో బండి నడుపుతుండగా యాక్సిడెంట్ అయితే ఏం చేయాలి?

శ్రీకాకుళం జిల్లాలో సోంపేట, కంచిలి, కవిటి, మందస వైపు గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి కనిపించడం కష్టం. వెల్డర్లు, రిగ్గర్లే కాదు, హౌస్ డ్రైవర్లుగా, ట్రక్కు డ్రైవర్లుగా వెళ్లినవాళ్లూ ఉన్నారు. ఈ వివరాలు వాళ్ల కోసం, ఇక్కడ వాళ్ల ఫోన్ కోసం ఎదురుచూసే ఇంటివాళ్ల కోసం.

బండి ఆపండి, అక్కడే ఉండండి

మన హైవే మీద ఎవరికైనా గుద్దితే, జనం మీద పడి కొడతారని డ్రైవర్ బండి వదిలేసి పారిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఆ అలవాటు గల్ఫ్‌లో కొంప ముంచుతుంది. తప్పు ఎదుటివాడిదే అయినా, మీరు వెళ్లిపోతే అది వేరే నేరమై కూర్చుంటుంది. పారిపోయిన డ్రైవర్ తరఫున కట్టిన డబ్బును ఇన్సూరెన్స్ కంపెనీ మళ్లీ అతని దగ్గరే వసూలు చేసుకునే వీలూ సౌదీలో ఉంది. కాళ్లు వణుకుతున్నా సరే, కదలొద్దు.

హజార్డ్ లైట్లు వేసి, వెనక హెచ్చరిక ట్రయాంగిల్ పెట్టండి. ఎవరికైనా దెబ్బలు తగిలితే మంటలు లేచే ప్రమాదం ఉంటే తప్ప వాళ్లను లాగొద్దు. వెన్నెముక దెబ్బతిన్న మనిషిని తెలియక లేపితే జీవితాంతం మంచానికే పరిమితమయ్యే ప్రమాదం ఉంది.

ఫోన్ చేయండి

యూఏఈలో పోలీసులకు 999, అంబులెన్సుకు 998. సౌదీలో ట్రాఫిక్ పోలీసులకు 993, అంబులెన్సుకు 997. రియాద్, మక్కా, తూర్పు ప్రాంతాల్లో 911కి చేసినా చాలు. కువైట్‌లో 112, ఖతార్‌లోనూ బహ్రెయిన్‌లోనూ 999, ఒమన్‌లో 9999.

ఎవరికీ దెబ్బలు తగలకుండా బంపర్లు మాత్రమే నలిగితే పద్ధతి వేరు. సౌదీలో ఇన్సూరెన్స్ ఉన్న బండ్లయితే నజ్మ్ అనే సంస్థ మనుషులు తప్పు ఎవరిదో తేలుస్తారు. దుబాయ్‌లో చిన్న యాక్సిడెంట్‌ను దుబాయ్ పోలీస్ యాప్‌లోనే నమోదు చేయొచ్చు. ఎదుటి డ్రైవర్ "పోలీసులెందుకు, ఈ డబ్బు తీసుకో" అంటే ఒప్పుకోకండి. యూఏఈలో పోలీసు రిపోర్టు లేకుండా గ్యారేజీవాళ్లు బండి ముట్టుకోరు. అప్పుడు కఫీల్‌కి, అంటే మిమ్మల్ని పనికి తెచ్చుకున్న యజమానికి, మీరేం చెబుతారు?

ఫోటోలు తీయండి, కానీ జాగ్రత్త

బండ్లు, నంబర్ ప్లేట్లు, టైర్ల గుర్తులు, సిగ్నల్ తీయండి. గాయపడినవాళ్లను మాత్రం తీయకండి. యూఏఈలో అది నేరం, జైలు శిక్ష కూడా పడొచ్చు. ఆ వీడియోను ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టడం ఇంకా ప్రమాదం.

చదవలేని కాగితం మీద సంతకం పెట్టొద్దు

మనవాళ్లు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే అని నా నమ్మకం. పోలీస్ స్టేషన్‌లో స్టేట్‌మెంట్ అరబీలో రాస్తారు. రాత్రంతా నిద్ర లేదు, ఆకలి, టెన్షన్. పెన్ను ముందుకు జరిపి సంతకానికి చోటు చూపిస్తారు. సంతకం పెడితే ఇంటికి వదిలేస్తారన్న ఆశతో పెట్టేస్తాం. ఆ కాగితంలో "సిగ్నల్ దాటాను" అని ఉంటే? తర్వాత కోర్టులో మాట మార్చడం చాలా కష్టం.

అందుకే మర్యాదగా, ఒకటికి నాలుగుసార్లు, "అనా మా ఆరిఫ్ అరబీ, ముతర్జిమ్" అని అడగండి. అంటే నాకు అరబీ రాదు, అనువాదకుడు కావాలని. జరిగింది జరిగినట్టు చెప్పండి. కంగారులో "తప్పు నాదే" అనేయకండి, అబద్ధమూ చెప్పకండి.

మిమ్మల్ని అరెస్టు చేస్తే, ఇండియన్ ఎంబసీకి గానీ కాన్సులేట్‌కి గానీ తెలియజేయమని అడిగే హక్కు మీకుంది. 1963 నాటి వియన్నా ఒప్పందం ఇచ్చిన హక్కు అది. దుబాయ్‌లో భారత ప్రభుత్వం నడిపే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రం ఉంది. టోల్ ఫ్రీ నంబర్ 800 46342.

మనిషి చనిపోతే కోర్టు దియా, అంటే పరిహారం, కట్టమంటుంది. యూఏఈలో అది 2 లక్షల దిర్హామ్‌లు. లైసెన్సు, ఇన్సూరెన్స్ సరిగ్గా ఉంటే మామూలుగా ఇన్సూరెన్స్ కంపెనీయే కడుతుంది. ఆ రెండింట్లో ఏది లేకపోయినా భారం మీ మీద పడుతుంది. రెసిడెన్స్ వీసా వచ్చాక యూఏఈలో శ్రీకాకుళం ఆర్టీవో ఇచ్చిన లైసెన్సు పనికిరాదు, ఇంటర్నేషనల్ పర్మిట్ కూడా అంతే. అక్కడి లైసెన్సు చేతికి రాకముందే "పక్క వీధిదాకానే కదా" అని కఫీల్ తాళాలిస్తే వద్దనండి. మొహమాటపడొద్దు.

ఇంటివాళ్లు చేయాల్సింది

కబురు తెలియగానే ఏజెంట్ చుట్టూ తిరిగి డబ్బు పోగొట్టుకోకండి. విదేశాంగ శాఖవారి మదద్ పోర్టల్‌లో ఇంటి నుంచే ఫిర్యాదు పెట్టొచ్చు, రుసుము లేదు. పాస్‌పోర్టు కాపీ, వీసా కాపీ, కఫీల్ లేదా కంపెనీ ఫోన్ నంబర్, యాక్సిడెంట్ జరిగిన ఊరు, తేదీ రాసుకుని కూర్చుంటే పని తేలికవుతుంది. ఇవన్నీ మనిషి విమానం ఎక్కే ముందే తీసి ఒక కవర్లో పెట్టాలి. ఫోన్ పగిలిపోయినా, పోలీసులు తీసుకున్నా పనికొచ్చేలా డ్రైవర్ కూడా ఇంటి నంబర్, ఎంబసీ నంబర్ కాగితం మీద రాసి పర్సులో ఉంచుకోవాలి.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో (పనికి విదేశం వెళ్లే ముందు ప్రభుత్వ అనుమతి తీసుకోవాల్సిన పాస్‌పోర్టు) ఆ అనుమతి, అంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకుని వెళ్లినవాళ్లకు ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా అంగవైకల్యం వచ్చినా 10 లక్షల రూపాయలు వస్తాయి. పాలసీలో నామినీ పేరు సరిగ్గా పడిందో లేదో చూసి, ఒక కాపీ అదే కవర్లో ఉంచండి.