పాత కోర్టు కాగితాలు చదవడం – 5వ పాఠం: షెట్లాండ్ తీరంలో దొరికిన తాడు

పోయిన పాఠంలో ఇచ్చిన వాంగ్మూలం మీద మీరు పంపిన జవాబులు చదివాను. ఎక్కువమంది ఒకే మాట రాశారు: "నిందితుడు నేరం ఒప్పుకున్నాడు." అతను ఏ నేరమూ ఒప్పుకోలేదు. ఈసారి సరుకుల జాబితాలు మొదలుపెడదామనుకున్నాను గానీ వాటిని పక్కన పెడుతున్నాను. ఈ ఒక్క పొరపాటుతోనే ముందుకెళ్తే, 19వ శతాబ్దపు లెర్విక్ షెరిఫ్ కోర్టు (షెరిఫ్ అంటే స్కాట్లాండ్‌లో జిల్లా జడ్జి లాంటివాడు) కాగితాల్లో, స్కాట్లాండ్‌కు ఉత్తరాన ఉన్న షెట్లాండ్ దీవుల జనమంతా మీకు దొంగల్లాగే కనిపిస్తారు. అది వాళ్లకు అన్యాయం.

ఆ నమూనా మళ్లీ ఇస్తున్నాను. ఇది అసలు రికార్డు కాదు, అప్పటి వాంగ్మూలాల వరసలో అభ్యాసం కోసం నేను కట్టింది. కాలం 1850ల చివర అనుకోండి.

"నిందితుడు చెప్పునది ఏమనగా, తుపాను మరునాడు ఉదయము తాను తీరమునకు పోయిన మాట నిజము. తాడు నాచులో పడియుండెను. దానిని ఇంటికి తెచ్చిన మాట నిజము. పోటు లాగుకొని పోకుండుటకే తెచ్చెను. అది ఏ ఓడదో తనకు తెలియదు. దానిని రెండుగా కోసినది తాను కాదు. అధికారికి తెలుపవలెనని ఎరుగును గాని గాలి తగ్గలేదు. తనకు వ్రాయుట రాదు."

ఇది ఆ మనిషి కూర్చుని చెప్పుకుపోయిన కథ కాదు. షెరిఫ్ అడుగుతాడు, అతను జవాబిస్తాడు, గుమాస్తా ఆ జవాబును కోర్టు ఇంగ్లిషులోకి తిప్పి "అతడు చెప్పునది" అని రాస్తాడు. ఇంట్లో, పడవలో వాళ్లు మాట్లాడేది నార్స్ (పాత నార్వే భాష) మాటలు నిండిన షెట్లాండ్ యాస. కాగితం మీద అందులో ఏదీ మిగలదు. ప్రశ్నలు కూడా చాలాసార్లు రాయరు. పైగా స్కాట్లాండ్‌లో 1898 దాకా నిందితుడు తన విచారణలో తానే ప్రమాణం చేసి సాక్ష్యం చెప్పే వీల్లేదు. కాబట్టి కోర్టులో చదివి వినిపించే ఈ వాంగ్మూలానికి అంత బరువు.

అందుకే ప్రతి వాక్యం ముందూ ప్రశ్న పెట్టి చదవాలి. "కోసినది తాను కాదు" అని ఎవరూ ఊరికే అనరు. "ఈ తాడు కోసింది నువ్వేనా?" అని అడిగారు కాబట్టి అన్నాడు. అంటే షెరిఫ్ బల్ల మీద అప్పటికే రెండు ముక్కలున్నాయి, లేదా అలా ఉన్నాయని ఎవరో ముందే చెప్పారు. ఎవరా ఎవరో? సాక్షుల కాగితాల్లో వెతకండి. కోత గురించి ఎందుకు అడిగారు? దాచడానికో, పంచుకోవడానికో కోసి ఉంటారని అనుమానం. "ఏ ఓడదో తెలియదు" కూడా అంతే: ఓడ పేరు తెలిసీ ఊరుకున్నాడా అని అడిగారు. వేరే కాగితంలో "తన తమ్ముడు వెంట రాలేదు" అని కనిపిస్తే, తమ్ముడి పేరు అప్పటికే ఎవరి నోటనో వచ్చిందన్నమాట. "లాంతరు పట్టుకుపోలేదు" అంటే రాత్రి తీరాన దీపం చూసినవాళ్లున్నారు. "తలుపు వేసి లేదు" అంటే ఇల్లు సోదా అయింది. "ఆ సీసా ఇంతకుముందే తన ఇంట ఉండెను" అంటే సోదాలో సీసా దొరికింది. లేదు, కాదు అన్న ప్రతిచోటా ఆగండి. కేసు అక్కడుంది.

ఇక "నిజము" అన్న చోట్ల మీరు పడిపోయారు. తీరానికి పోవడం నేరమా? కాదు. కొట్టుకొచ్చింది తీయడం? అదీ కాదు. 1854 నాటి మర్చంట్ షిప్పింగ్ చట్టం ప్రకారం దొరికినవాడు దాన్ని వీలైనంత త్వరగా రిసీవర్ అనే అధికారికి అప్పగించాలి. సొంతదారు వచ్చి అడగడానికి ఏడాది గడువు. కాపాడినందుకు, దొరికినవాడు ప్రతిఫలం అడగొచ్చు. దాచిపెడితే ఆ ప్రతిఫలం పోతుంది, విలువకు రెట్టింపు కట్టాలి, పైగా 100 పౌండ్ల దాకా జరిమానా. ఇప్పుడు నమూనా మళ్లీ చూడండి. కేసంతా "గాలి తగ్గలేదు" అన్న వాక్యం మీద నిలబడి ఉంది. ఒక్కరంటే ఒక్కరు కూడా దాని గురించి రాయలేదు!

ఆ వాక్యాన్ని పరీక్షించొచ్చు. ఫౌలా, ఫెయిర్ ఐల్ లాంటి చిన్న దీవుల నుంచి పడవ కదలాలంటే సముద్రం ఒప్పుకోవాలి. ఆ వారం గాలి ఎలా ఉందో పత్రికల్లో చూడండి. షెట్లాండ్ టైమ్స్ 1872లో మొదలైంది. అంతకు ముందైతే స్కాట్లాండ్ ఉత్తర తీరపు ఊరు విక్ నుంచి వచ్చే జాన్ ఓ గ్రోట్ జర్నల్, 1854 నుంచి పక్కనున్న ఆర్క్నీ దీవుల వాళ్ల ఆర్కేడియన్ పత్రిక.

తాడు కోసం ఇంత గొడవా అని అడిగినవాళ్లున్నారు. షెట్లాండ్‌లో చెట్లు దాదాపు లేవు. అప్పట్లో పడవలకు కలప నార్వే నుంచి రావాలి. తుపాను తెచ్చిన దుంగ, తెరచాప, తాడు వాళ్లకు ఏడాది బతుకు. ఆర్క్నీలోని సాండే దీవిలో పగిలిన ఓడ తాలూకు దేవదారు, మహాగని కలపతో పొలానికి కంచె కట్టి ఉండటం లైట్‌హౌస్ ఇంజినీరు రాబర్ట్ స్టీవెన్సన్ చూశాడు. ద్రాక్షసారా ఓడ పగిలిన ఒక దీవిలో జనం బార్లీ జావలో దాన్ని కలుపుకు తాగారనీ రాశాడు. నీ తెరచాప ఇలా చిరిగి ఉందేమని ఒక పడవవాణ్ని అడిగితే, మీరు ఈ లైట్‌హౌస్ దీపాలు తేకపోయుంటే మాకు మంచి తెరచాపలే ఉండేవన్నాడట. ఇలాంటి దీవుల జనమే 1868లో ఫెయిర్ ఐల్ బండల మీద లెస్సింగ్ అనే జర్మన్ వలస ఓడ పగిలినప్పుడు అందులోని 465 మంది ప్రయాణికుల్నీ ఒడ్డుకు చేర్చారు. రెండూ కలిపి చూడాలి.

వాళ్లకూ దొంగతనం అంటే ఏంటో గట్టి లెక్క ఉంది. ఒకడు దుంగను పోటు గీత పైకి లాగి పెడితే అది వాడిది, ఇంకొకడు ముట్టుకోడు. పొరుగువాడు లాగిపెట్టింది ఎత్తుకుపోవడమే వాళ్ల దృష్టిలో దొంగతనం. కోర్టు దృష్టిలో ఇద్దరూ అధికారికి చెప్పనివాళ్లే. సాక్షి కోపంగా ఉన్నాడంటే, ఈ రెండింట్లో ఏ లెక్క తప్పినందుకో చూడండి.

పేర్ల గురించి క్లుప్తంగా. మన ఇంటిపేరు లెక్క ఇక్కడ పనికిరాదు. షెట్లాండ్‌లో 19వ శతాబ్దంలో కూడా కొన్ని కుటుంబాల్లో తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరయ్యేది. పెళ్లయిన స్త్రీని పుట్టింటి పేరుతోనే రాస్తారు. కాబట్టి ఒకే ఇంట్లో వేరే ఇంటిపేరున్న ఆడమనిషి భార్య కావచ్చు, పనిమనిషి కావచ్చు. ఇది కేసునే మార్చేస్తుంది: దొంగసొత్తు దాచడం అక్కడ విడి నేరం, కానీ భర్త తెచ్చింది దాచిన భార్య మీద అది మామూలుగా నిలవదు.

నేనైతే కేసు కాగితాల కట్టను వెనక నుంచి చదువుతాను. ముందు కోర్టులో పెట్టిన వస్తువుల జాబితా, తర్వాత సంతకం, చివరికి వాంగ్మూలం. వస్తువులు ముందే తెలిస్తే ప్రశ్నలు వాటంతటవే బయటపడతాయి. వరసగా చదవాలనే పట్టింపు వదిలేయండి.

అభ్యాసం: పై నమూనాలో ప్రతి వాక్యానికీ షెరిఫ్ అడిగిన ప్రశ్న రాయండి. ఆ ప్రశ్న పుట్టడానికి ఎవరు ఏం చెప్పి ఉండాలో దాని కింద రాయండి. ఇప్పుడు అదే తాడును అతను మూడో రోజే అప్పగించాడనుకుని, ప్రతిఫలం కోరుతూ రిసీవర్‌కు అతని తరఫున అర్జీ రాయండి. చివరగా, మిగిలిన తాడు ముక్క దొరికిన పక్కింటి స్త్రీ వాంగ్మూలాన్ని ఎనిమిది వాక్యాల్లో మీరే కట్టండి. అందులో కనీసం మూడు "కాదు"లు ఉండాలి. ఆమె అతనికి ఏమవుతుందో ఎక్కడా చెప్పకూడదు, చదివేవాళ్లకు మాత్రం తెలియాలి. సరుకుల జాబితాలు వచ్చే పాఠంలో.