ఎలక్ట్రిక్ బ్రష్ చూస్తే నోరు బిగించే పాప: నా అనుభవం

బ్రష్ బర్రుమనగానే మా నాలుగేళ్ల పాప నోరు బిగించేసేది. పాటలు, స్టిక్కర్లు, కొత్త పేస్టు, బెదిరింపులు, ఏవీ పనిచేయలేదు.

చివరికి మూడు రోజులు స్విచ్ వేయకుండా మామూలు బ్రష్‌లాగే తోమాను. నాలుగో రోజు ఆన్ చేసి ముందు తన అరచేతికి, తర్వాత గోటికి, బుగ్గకి ఆనించాను. కితకితలకి నవ్వింది. ఇక అసలు కిటుకు: బఠాణీ గింజంత పేస్టు పెట్టి, బ్రష్ పళ్లకి ఆనాకే స్విచ్ నొక్కాను, బయటికి తీసేముందే ఆపాను. (లేకపోతే నురగంతా నా చొక్కా మీదే!) మొదలు వెనక పళ్లతో, ముందు పళ్లకి గిలి ఎక్కువట. తొలిరోజు పది సెకన్లే. రెండు నిమిషాలకి రావడానికి మూడు వారాలు పట్టింది.

మోత అంటేనే భయపడే పిల్లలకి ఇది కుదురుతుందో లేదో చెప్పలేను. పుచ్చుపన్ను నొప్పితో ఏడుస్తుంటే మాత్రం ముందు డెంటిస్టుకి చూపించండి.