తుఫాను నెలలు రాకముందే: చక్కెర, థైరాయిడ్, స్టెరాయిడ్ మందులు వాడే ఇళ్లలో జాగ్రత్తలు

ఒడిశాలో పర్లాకిమిడి, కాశీనగరం, గుణుపురం, బరంపురం వైపు ఉండే మనకు దసరా నుంచి కార్తీకం దాకా పండుగల కాలమే తుఫానుల కాలం కూడా. 2013 అక్టోబరు 12న ఫైలిన్ గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ పలాస దగ్గర తీరం దాటి గజపతి జిల్లాను అతలాకుతలం చేసింది. అటువంటి తుఫాను వెలిసిన తరువాత చెట్లు పడి దారులు మూసుకుపోతాయి, కరెంటు రోజుల తరబడి రాదు, మందుల దుకాణాలకు సరుకు అందదు. హార్మోను జబ్బులకు నిత్యం మందు వాడేవారికి గాలివాన వీచిన రాత్రి కంటే ఆ తరువాతి పది రోజులే ఎక్కువ ప్రమాదం. అందువల్ల ఈ ఏర్పాట్లన్నీ సెప్టెంబరు నెలలోనే చేసుకోవాలి.

మొదటి మాట ఇన్సులిన్ గురించి. తిత్లీ తరువాత మా పెద్దమ్మ ఇన్సులిన్ సీసాను పాడవకూడదన్న ఆరాటంతో మా అన్నయ్య చేపల ఐసుపెట్టెలో ఐసు ముక్కల మధ్య పెట్టాడు. అది గడ్డకట్టి కరిగిన సంగతి ఎవరమూ గమనించలేదు. మోతాదు తప్పకుండా పొడిచినా, మూడో రోజుకు ఆమె చక్కెర 380కి చేరింది. నాలుక ఎండిపోయి, గ్లాసు తరువాత గ్లాసు నీళ్లు అడుగుతూనే ఉంది. సీసాను కిటికీ వెలుతురుకు ఎత్తి చూస్తే లోపలి గోడకు మంచు పట్టినట్టు తెల్లటి పొర, అడుగున ఎంత దొర్లించినా కలవని సన్నటి పలుకులు కనిపించాయి. గడ్డకట్టిన ఇన్సులిన్ కరిగినా పనికిరాదు, పారవేయవలసిందే.

తెరవని సీసాలు ఫ్రిజ్‌లో 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. ఫ్రీజర్ గదికి ఆనించి మాత్రం పెట్టకూడదు. కరెంటు పోతే కంగారు పడనక్కరలేదు, ఎందుకంటే బయటికి తీసిన సీసా 30 డిగ్రీలు మించని చోట సాధారణంగా 28 రోజుల వరకు పనిచేస్తుంది. బయటికి తీసిన తేదీని సీసా మీద పెన్నుతో రాసుకోవాలి. సీసాను నీరు చొరని కవరులో పెట్టి మూతి కట్టి, తడిగుడ్డ చుట్టిన మట్టి కుండలో నీడ పట్టున, గాలి ఆడే చోట ఉంచితే చాలు. వాన ముసురులో కుండ అంతగా చల్లబడదు గానీ అప్పుడు వాతావరణమే చల్లగా ఉంటుంది. తుఫాను వెలిసి ఎండ కాసిన రోజునే కుండ అవసరం, దానికి గుడ్డ తడపడం మరచిపోరాదు.

సహాయ శిబిరాలలోనో, అటు శ్రీకాకుళం వైపు వెళ్లినప్పుడో మనం రోజూ వాడేది కాకుండా వేరే బలం గల ఇన్సులిన్ సీసా చేతికి రావచ్చు. మన దేశంలో మిల్లీలీటరుకు 40 యూనిట్ల సీసాలూ, 100 యూనిట్ల సీసాలూ రెండూ ఉన్నాయి. 40 సీసాకు ఎర్ర మూత సిరంజి, 100 సీసాకు నారింజ మూత సిరంజి వాడాలి. 100 సీసా నుంచి ఎర్ర మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 20 కాదు, 50 యూనిట్లు. అది ప్రాణం మీదికి తెచ్చే తప్పు. సీసాకు సరిపడే సిరంజిల పెట్టె ఒకటి ముందే కొని ఉంచుకోవడం మంచిది.

శిబిరాలలో మొదట దొరికేది అటుకులు, బెల్లం. ఆకలిగా ఉన్నవారు అటుకులు తినవచ్చు గానీ బెల్లం పక్కన పెట్టి, వేయించిన శనగలు కలుపుకోవాలి. ఇంట్లో చోడి (రాగి) పిండి, శనగలు దాచి ఉంచుకుంటే ఇంకా నయం. చోడి అంబలి కూడా చక్కెరను పెంచుతుందని గుర్తుంచుకుని కొలత ప్రకారమే తాగాలి. దీనికి పూర్తిగా ఎదురు ప్రమాదం తిండి దొరకకపోవడం, లేదా కార్తీక సోమవారం ఉపవాసం. గ్లిమిపిరైడ్ వంటి చక్కెర తగ్గించే మాత్ర వేసుకుని పస్తు ఉంటే చక్కెర పడిపోతుంది. చెమట, వణుకు, తడబాటు కనిపించినా, మీటరులో 70 కంటే తక్కువ చూపించినా, వెంటనే మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి తాగించి, 15 నిమిషాల తరువాత మళ్లీ చూడాలి. స్పృహ లేనివారి నోట్లో మాత్రం ఏమీ పోయకూడదు.

వరద నీటి వల్ల వాంతులు, విరేచనాలు పట్టుకుంటే తిండి లేదు కదా అని ఇన్సులిన్ పూర్తిగా మానేయకూడదు. ముఖ్యంగా చిన్నతనం నుంచి ఇన్సులిన్ మీదే ఉన్న పిల్లలకు అది మానితే ఒకటి రెండు రోజులలోనే రక్తం ఆమ్లమై ప్రాణాపాయం వస్తుంది. మోతాదు మార్చవచ్చు గానీ అది వైద్యుణ్ని అడిగి చేయాలి. మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే చక్కెర మాత్రలను ఒళ్లు ఎండిపోయే జబ్బులో తాత్కాలికంగా ఆపవలసి ఉంటుంది. ఎప్పుడు ఆపాలో, ఎప్పుడు మొదలుపెట్టాలో సెప్టెంబరులోనే అడిగి రాయించుకోవాలి. విరేచనాలు పట్టిన చక్కెర రోగి ఓ.ఆర్.ఎస్. తాగవచ్చు. అందులోని గ్లూకోజు తక్కువ, పైగా ఒంటికి నీరు పట్టేది దానివల్లనే.

థైరాయిడ్ మాత్రలకు భయం కొంత తక్కువ. లీవోథైరాక్సిన్ అనే ఆ మందు వారం తరువాత కూడా ఒంట్లో సగం మిగిలి ఉంటుంది కనుక ఒకటి రెండు రోజులు తప్పినా కొంప మునగదు, గర్భిణులు మాత్రం ఒక్క రోజు కూడా తప్పనీయకూడదు. మాత్రలను తేమ తగలకుండా మూత గట్టిగా బిగించి ఉంచాలి.

స్టెరాయిడ్ సంగతి అలా కాదు. కీళ్లనొప్పులకో ఆయాసానికో నెలల తరబడి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ వాడినవారు ఉన్నట్టుండి మానేస్తే, మూత్రపిండాల మీద ఉండే అడ్రినల్ గ్రంథి స్పందించలేక వాంతులు, కళ్లు తిరగడం, బీపీ పడిపోవడం వంటివి వచ్చి మనిషి కుప్పకూలవచ్చు. పేరు లేని పొట్లాలలో కీళ్లనొప్పుల పొడులు తెచ్చుకునేవారికి తాము స్టెరాయిడ్ వాడుతున్నట్టే తెలియకపోవచ్చు, వాటిలో కొన్నింటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. అటువంటి పొడి వాడుతూ ముఖం ఉబ్బినవారు, చక్కెర పెరిగినవారు తుఫానుకు ముందే వైద్యుడికి ఆ పొట్లాన్నే చూపించాలి.

మన జిల్లాలలో సికిల్ సెల్ (ఎర్ర కణాలు కొడవలిలా వంగిపోయే వంశపారంపర్య రక్త జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వారికి మూడు నెలల సగటు చక్కెర చెప్పే హెచ్‌బీఏ1సి పరీక్ష ఉన్నదానికంటే తక్కువ చూపవచ్చు, ఎర్ర కణాల ఆయువు తగ్గడమే దానికి కారణం. అటువంటివారు ఆ ఒక్క కాగితాన్ని నమ్ముకోకుండా పరగడుపు చక్కెర, గ్లూకోజు తాగిన రెండు గంటల చక్కెర చూపించుకోవాలి. పరగడుపున 126 లేదా అంతకు మించి గానీ, రెండు గంటలకు 200 లేదా అంతకు మించి గానీ ఉంటే జబ్బు ఉన్నట్టే, అయితే లక్షణాలు లేకపోతే ఇంకోసారి చూసి నిర్ధారిస్తారు. బరంపురం ఎం.కె.సి.జి. వైద్య కళాశాల ఆసుపత్రికి ఒకసారి వెళ్లి రావడమూ దారులు బాగున్నప్పుడే మంచిది.

చివరిగా ఒక కాగితం. దాని మీద మందుల అసలు పేర్లు, మోతాదులు ఇంగ్లీషు అక్షరాలలో, వేసుకునే వేళలు ఒడియాలోనూ తెలుగులోనూ రాసి, నెల రోజుల మందులు, మీటరు, స్ట్రిప్పుల డబ్బాతో కలిపి, రేషన్ కార్డు పెట్టుకునే ప్లాస్టిక్ కవరులోనే పెట్టండి. పాదాలలో స్పర్శ తగ్గినవారు ఆ కవరు పక్కనే మూసిన చెప్పుల జత కూడా ఉంచుకుని, వరద నీటిలోకి ఉత్త కాళ్లతో దిగకుండా, ఇల్లు చేరగానే కాళ్లు కడిగి ఆరబెట్టి, అద్దం పెట్టి అరికాళ్లు చూసుకోవాలి.