పట్టాల పక్కన తంతి స్తంభాలు – 4వ పాఠం: ఒంటి తీగ, జంట తీగ

పది తీగలున్న స్తంభం మీద ఎన్ని వలయాలు (విద్యుత్తు వెళ్లి తిరిగి వచ్చే పూర్తి దారులు) ఉంటాయన్న గత పాఠం అభ్యాసానికి, ఐదని చాలామంది జవాబు రాశారు. తప్పు కొంత నాదే. విద్యుత్తు వెళ్లడానికొక దారి, తిరిగి రావడానికొక దారి కావాలని చెప్పాను గాని, ఆ రెండో దారి కూడా తీగే కానవసరం లేదని చెప్పలేదు. అమెరికా రైలు మార్గాల పక్కన నడిచిన తంతి వలయానికి తీగ ఒక్కటే. రెండు కొసలనూ భూమిలోకి దింపితే తిరుగు దారి నేలే అవుతుంది. 1838లో జర్మనీలో స్టైన్‌హైల్ అనే శాస్త్రవేత్త రైలు పట్టాలనే తీగలుగా వాడబోయి, అది కుదరక, ఈ సంగతి కనిపెట్టాడు.

టెలిఫోనుకు ఈ పొదుపు సరిపడలేదు. పక్క తీగల్లోని తంతి టకటకలు మాటల్లోకి చొరబడేవి కనుక, జంట తీగలు వేసి, కొన్ని స్తంభాలకొకసారి వాటి స్థానాలు తారుమారు చేసేవారు. ఒక తీగలో చేరిన రొదే రెండో తీగలోనూ అంతే చేరి, రెండూ ఒకదాన్నొకటి రద్దు చేసుకునేవి. స్తంభం చూడగానే నేను ముందు ఈ తారుమారైన జంటలనే వేరు చేస్తాను. మిగిలినవి తంతికో సిగ్నల్‌కో చెందినవని ఊహించి మొదలుపెడతాను.

నన్ను విసిగించే పొరపాటు మరొకటి ఉంది: తంతి పంపే మీట నొక్కితేనే తీగలో విద్యుత్తు పారుతుందనుకోవడం. అమెరికా పద్ధతిలో వార్త లేనప్పుడే అది నిరంతరం పారుతుంది. బ్యాటరీలు ప్రధానంగా కొసల్లో ఉంటాయి, మధ్య స్టేషన్ల మీటలూ రిలేలూ (ప్రవాహం ఉన్నప్పుడు అయస్కాంతంతో ఇనుప రేకును లాగి, ఆగగానే స్ప్రింగుతో వెనక్కి వదిలే పరికరాలు) అన్నీ ఒకే తీగలో వరుసగా ఉంటాయి. వార్త పంపేవాడు ముందు మీట పక్కనున్న చిన్న స్విచ్చి తెరిచి ప్రవాహాన్ని ఆపి, ఆపైన మీటతో కలుపుతూ విడదీస్తూ చుక్కలూ గీతలూ పలికిస్తాడు. పని ముగిశాక ఆ స్విచ్చి మూయడం మరిచాడా, తీగ పొడవునా అందరూ మూగబోతారు. వానలో దీనికి విరుద్ధమైన చిక్కు వస్తుంది: తీగలను స్తంభానికి అంటకుండా పట్టే గాజు ఇన్సులేటర్లు తడిసి, వాటి మీదుగా విద్యుత్తు నేలలోకి కారిపోతుంటే, దూరపు స్టేషన్ వలయాన్ని తెరిచినా ఇవతలి రిలేలో ప్రవాహం పూర్తిగా ఆగదు. అప్పుడు రిలే స్ప్రింగును బిగించి సవరించుకోవాలి.

అభ్యాసం: వరుసగా ఆరు స్టేషన్లున్నాయి, రెండు కొసల్లోనూ బ్యాటరీలున్నాయి, తీగ మూగబోయింది. మూడో స్టేషన్ తన దగ్గర తీగను భూమికి కలిపితే 1, 2, 3 మేల్కొన్నాయి. నాలుగోది కలిపితే 4, 5, 6 మేల్కొన్నాయి. తీగ ఎక్కడ తెగింది? తెగిన రెండు కొసల్లో మూడో స్టేషన్ వైపుది తడి నేల మీద పడి, రెండోది గాలిలో వేలాడుతుంటే, ఎవరూ భూమికి కలపకముందే ఏ రిలేలు పనిచేస్తాయి?