జావాస్క్రిప్ట్‌లో అర్రే సార్టింగ్: పిక్కల బస్తా ధర నుంచి ఊరి పేరు దాకా

పలాస, కాశీబుగ్గల్లో జీడి వ్యాపారం కోసం జావాస్క్రిప్ట్‌తో ఒక వెబ్ పేజీ రాస్తున్నారనుకుందాం. 80 కిలోల పిక్కల (పెంకు తీయని జీడి గింజల) బస్తాకు వచ్చిన ధరలు ఒక అర్రేలో, అంటే విలువల జాబితాలో, ఉన్నాయి: 9500, 10200, 8800. వరసలో పేర్చే సార్ట్()ను బ్రాకెట్లలో ఏమీ ఇవ్వకుండా పిలిస్తే వచ్చే వరస 10200, 8800, 9500.

పోల్చే పద్ధతి చెప్పకపోతే సార్ట్ ప్రతి విలువనూ స్ట్రింగ్‌గా, అంటే అక్షరాల వరసగా, మార్చి, ఎడమ నుంచి ఒక్కో అక్షరం చూస్తుంది. ‘1’ ముందు, ‘8’ తర్వాత. అందుకే పదివేలు దాటిన ధర పైకెక్కింది. జీడిపప్పు గ్రేడ్లతో (180, 210, 240, 320) పరీక్షిస్తే ఈ తప్పు దొరకదు, అన్నీ మూడంకెలవే. పరీక్షకు నాలుగంకెలవీ ఐదంకెలవీ కలిపి తీసుకోండి.

సరైన పద్ధతి ఇది:

ధరలు.సార్ట్((ఎ, బి) => ఎ - బి)

ఎడిటర్లో సార్ట్ అన్న మాటను ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి. ఎ, బి అంటే పోల్చే రెండు ధరలు. తేడా సున్నాకు తక్కువైతే ఎ ముందు, ఎక్కువైతే బి ముందు. పెద్ద ధర పైన కావాలంటే బి - ఎ. ‘ఎ > బి’ అని మాత్రం రాయకండి. అది ట్రూ లేదా ఫాల్స్ ఇస్తుంది, అంటే 1 లేదా 0. సున్నాకు తక్కువ విలువ ఎప్పటికీ రాదు కాబట్టి వరస చెడుతుంది.

ఎక్కువమంది ఇరుక్కునేది డేటా దగ్గర. ఎక్సెల్ నుంచి ‘9,500’ అని కామాతో వచ్చినది స్ట్రింగే. తీసివేత చేస్తే నాన్ (‘ఇది సంఖ్య కాదు’ అనే విలువ) వస్తుంది. సార్ట్ దాన్ని సున్నాగా తీసుకుని రెండూ సమానమనుకుంటుంది. ఎర్రర్ కనిపించదు, వరస మాత్రం తప్పు. ముందే కామాలు తీసేసి నంబర్()తో మార్చండి. ఖాళీ గడిని నంబర్() 0 చేస్తుంది, ధర చెప్పనివాడు అందరికంటే చవకగా పైన కూర్చుంటాడు. ఖాళీలను మొదటే ఫిల్టర్ చేయాలి.

సార్ట్ అసలు అర్రేనే మార్చేస్తుంది. పాత వరస కావాలంటే జావాస్క్రిప్ట్ 2023 ప్రమాణంలో వచ్చిన టుసార్టెడ్ వాడండి, అది సార్ట్ చేసిన నకలు ఇస్తుంది. పాత బ్రౌజర్లకైతే స్లైస్()తో నకలు తీసి సార్ట్ చేయండి.

గ్రేడు, అందులో ధర వారీగా కావాలా? ఎ.గ్రేడు - బి.గ్రేడు || ఎ.ధర - బి.ధర. గ్రేడు తేడా సున్నా అయినప్పుడే ధర చూస్తుంది.

ఊరి పేర్లకు తీసివేత పనికిరాదు, భాష వరస ప్రకారం రెండు మాటలను పోల్చే లొకేల్‌కంపేర్ కావాలి. భాష ‘టీఈ’ అని ఇంగ్లిష్‌లో ఇవ్వండి. ‘టెక్కలి’ ముందు పొరపాటున ఒక స్పేస్ పడితే అది ఆమదాలవలస కంటే పైకి పోవచ్చు, కనుక ముందు ట్రిమ్()తో అంచుల్లోని స్పేస్‌లు తీసేయాలి. ‘వార్డు 10’ కంటే ‘వార్డు 2’ ముందు రావాలంటే లొకేల్‌కంపేర్‌లో న్యూమరిక్ ఆప్షన్‌ను ట్రూ చేయండి. పేర్లు వేలల్లో ఉంటే ఇదే పోలిక చేసే ఇంటల్.కొలేటర్ ఒకదాన్ని సార్ట్ బయటే తయారుచేసి, దాని కంపేర్‌ను సార్ట్‌కు ఇవ్వండి. వేగంలో తేడా బాగా తెలుస్తుంది.