స్కీ పొడవు ఎంతుండాలి?

స్కీ అంటే మంచు మీద జారడానికి కాళ్లకు తొడుక్కునే పొడవాటి పలక. స్కీయింగ్‌కని హైదరాబాద్ నుంచి గుల్మార్గ్‌కో ఔలీకో బయల్దేరేముందే గోడకు ఆనుకుని నిలబడి మీ ఎత్తు కొలిచి రాసుకోండి. సెంటీమీటర్లలోనే సుమా, స్కీ మీద దాని పొడవు రాసేదీ అందులోనే.

కొత్తవాళ్లకైతే నిలబెట్టిన స్కీ కొస గడ్డానికీ ముక్కుకీ మధ్యకు రావాలి. 170 సెంటీమీటర్ల మనిషికి సుమారు 150–158. బరువు ఎక్కువైనా, వేగం ఇష్టమైనా పై అంకె. సన్నగా ఉంటే కింది అంకె. మరీ పొడవైతే మలుపు తిరగదు, వెనక కొసలు ఒకదానిమీదొకటి ఎక్కి పడేస్తాయి. మరీ పొట్టిదైతే వేగంలో వణుకుతుంది, మెత్తటి మంచులో కూరుకుపోతుంది. కొసలు పైకి వంగి ఉండే రాకర్ స్కీలో మంచును తాకే భాగం తక్కువ కాబట్టి 5–10 సెంటీమీటర్లు కలపండి.

అద్దెకు తీసుకునేచోట చేతికందింది ఇస్తే మొహమాటపడకుండా మార్పించుకోండి. బూటును స్కీకి పట్టి ఉంచే బైండింగ్ బిగింపు మాత్రం సొంతంగా మార్చొద్దు. బరువు నిజం చెప్పి వాళ్లతోనే సరిచేయించుకోండి.