ఏ స్పిండిల్‌కి ఏ కొలెట్? 3కీ 3.175కీ మధ్య ఇరుక్కున్నవాళ్ళ కోసం

3018 అనే చిన్న సీఎన్‌సీ మెషిన్ (కంప్యూటర్ చెప్పినట్టు చెక్క కోసేది) కొన్న కొత్తలో నేను కోసే బిట్లు ముందు ఆర్డర్ పెట్టేసి, వాటిని పట్టుకునే కొలెట్ సంగతి తర్వాత చూసుకుందాంలే అనుకున్నా. పార్సెల్ వచ్చింది, పది బిట్లలో నాలుగు స్పిండిల్‌లోకి, అంటే బిట్‌ని తిప్పే మోటార్ భాగంలోకి, దూరనే లేదు, మూడు దూరాయి గానీ నిలబడలేదు. అసలు వరస ఇది: ముందు స్పిండిల్, తర్వాత కొలెట్‌ని బిగించే నట్టు, ఆ తర్వాతే బిట్.

స్పిండిల్ మీద ఈఆర్11, ఈఆర్16, ఈఆర్20 అని రాసుంటుంది చూడండి, ఆ 11 బిట్ సైజు అనుకుంటారు చాలామంది, కాదు, అది కొలెట్ లావు. పైమొహం దగ్గర వెర్నియర్ (సన్న కొలతలు తీసే పరికరం) పెడితే ఈఆర్11 సుమారు 11.5 ఎంఎం, ఈఆర్16 17, ఈఆర్20 21 వస్తుంది. పట్టుకునే బిట్ మాత్రం ఈఆర్11లో 7 ఎంఎం దాకా, 16లో 10 దాకా, 20లో 13 దాకా. కాబట్టి 8 ఎంఎం కాడ (బిట్ వెనక ఉండే నున్నటి భాగం) ఉన్న బిట్ కొని ఈఆర్11లో పెడదామంటే కుదరదు, మన కార్పెంటర్ల దగ్గర ఉండే అరంగుళం రౌటర్ బిట్ (12.7) పెట్టాలంటే ఈఆర్20 కావాల్సిందే.

ఏ మెషిన్‌కి ఏది వస్తుందంటే, 3018లో ఉండే 775 మోటార్‌కి 5 ఎంఎం షాఫ్ట్, దానికి ఈఆర్11 ఎక్స్‌టెన్షన్ రాడ్ తొడిగి గ్రబ్ స్క్రూలు బిగిస్తారు. 65 ఎంఎం బాడీ 800 వాట్ల వాటర్ కూల్డ్ స్పిండిల్ అయితే మామూలుగా ఈఆర్11, 80 ఎంఎం బాడీ 2.2 కిలోవాట్ అయితే ఈఆర్20. మధ్యలో 1.5 కిలోవాట్ దగ్గరే గొడవ, ఒకడు ఈఆర్11తో అమ్ముతాడు ఇంకొకడు ఈఆర్16తో, ఫోటోలో రెండూ ఒకేలా కనిపిస్తాయి. వాట్లు చూసి కొలెట్ కొనొద్దు, నట్టు విప్పి స్పిండిల్ థ్రెడ్ కొలవండి. 14కి కాస్త తక్కువ వస్తే ఈఆర్11, 22 దగ్గరైతే ఈఆర్16, 25 దగ్గరైతే ఈఆర్20. 13 గానీ 19 గానీ వచ్చిందంటే అది మినీ నట్టు రకం, వరసగా ఈఆర్11, ఈఆర్16. కొలెట్ అదే పడుతుంది కానీ నట్టు మాత్రం వేరే కొనాలి, మామూలు నట్టు ఎక్కదు.

ఇప్పుడు బిట్. అమ్మేవాడు పెద్దక్షరాల్లో "1 ఎంఎం ఎండ్ మిల్" అని రాస్తాడు, అది కోసే మూతి సైజు, కొలెట్‌కి దాంతో పనిలేదు. కొలెట్ పట్టుకునేది కాడని, అంటే షాంక్‌ని. ఆ 1 ఎంఎం బిట్ కాడ చాలాసార్లు 3.175 ఉంటుంది, అంటే అంగుళంలో ఎనిమిదో వంతు, హైదరాబాద్‌లో వడ్రంగులు సూత్ అంటారే, సరిగ్గా అదే. పావంగుళం అంటే రెండు సూత్‌లు, 6.35.

ఇక్కడే అందరం దెబ్బ తింటాం, ఎందుకంటే కొన్ని బిట్లు ఎంఎంలో వస్తాయి కొన్ని అంగుళాల్లో, చూస్తే ఒకేలా ఉంటాయి. ఒక్క రూల్ గుర్తుపెట్టుకోండి, కొలెట్ తన మీద రాసిన సైజు నుంచి కిందికే నొక్కుకుంటుంది, పైకి సాగదు. ఈఆర్11లో ఆ నొక్కుడు 0.5 ఎంఎం. 3 ఎంఎం కొలెట్ 3 నుంచి 2.5 దాకా పడుతుంది, 3.175 కాడని దాంట్లోకి బలవంతంగా తోస్తే కొలెట్ పాడవుద్ది. అదే 3.5 కొలెట్‌లో 3.175 పట్టుద్ది కానీ 3.175 కొలెట్ విడిగా దొరుకుతుంది కదా, అదే తీసుకోండి. ఎంత ఎక్కువ నొక్కితే పట్టు అంత తగ్గుద్ది, రనౌట్, అంటే తిరిగేటప్పుడు వచ్చే వంకర, అంత పెరుగుద్ది, 0.2 ఎంఎం మూతి ఉన్న పీసీబీ (సర్క్యూట్ బోర్డు) బిట్లకి ఆ కాస్త వంకరే చాలు విరగడానికి.

నా దెబ్బ చెప్తా. పాత మెషిన్ మీద చేతి ట్రిమ్మర్ బిగించా, దాని కొలెట్ పావంగుళంది, ఈఆర్ కాదు, అది పెద్దగా నొక్కుకోదు. నేను 6 ఎంఎం అప్‌కట్ బిట్ (పొట్టుని పైకి లాగే రకం) పెట్టి స్పానర్‌తో గట్టిగా బిగించా, పట్టినట్టే ఉంది. టేకు నేమ్ బోర్డు, గాడి 3 ఎంఎం లోతు అనుకుంటే మొదటి అక్షరం 3, చివరి అక్షరానికి 7 దిగి కింద పరిచే వేస్ట్ బోర్డు కూడా కోసింది. జడ్ యాక్సిస్ (పైకీ కిందికీ కదిపేది) స్టెప్పులు మిస్సవుతోందని రెండు గంటలు సెట్టింగ్స్ కెలికా, తీరా చూస్తే బిట్టే కొలెట్‌లోంచి కిందికి జారుతోంది, అప్‌కట్ బిట్ చెక్కలోకి తననే లాక్కుంటుంది కదా. అప్పట్నుంచి బిట్ బిగించాక నట్టు అంచు దగ్గర కాడ మీద మార్కర్‌తో గీత గీస్తా, ఆ గీత కిందికొస్తే మెషిన్ ఆపేయడమే.

బిగించే పద్ధతి కూడా చాలామందికి తెలీదు. కొలెట్‌ని స్పిండిల్‌లో వేసి పైన నట్టు తిప్పకూడదు. ముందు కొలెట్‌ని వంచి నట్టులోకి నొక్కాలి, లోపల రింగ్ ఉంటుంది, గాడిలో టక్ మని కూర్చుంటుంది, ఆ తర్వాత రెండూ కలిపి స్పిండిల్‌కి ఎక్కించి బిట్ పెట్టి బిగించాలి. అలా చేయకపోతే విప్పేటప్పుడు నట్టు ఊడొస్తుంది, కొలెట్ టేపర్‌లోనే (స్పిండిల్ లోపలి ఏటవాలు రంధ్రంలో) ఇరుక్కుంటుంది, ఇక సుత్తి తీసుకుంటాం, స్పిండిల్ బేరింగులకి పని పడుతుంది. సరిగ్గా పెట్టినది విప్పితే నట్టు మొదట వదులై మధ్యలో మళ్ళీ గట్టిపడుద్ది, భయపడొద్దు, అది కొలెట్‌ని బయటికి లాగుతోంది.

కాడ కొలెట్ పొడవులో కనీసం మూడింట రెండొంతులు లోపలుండాలి, అలాగని బిట్ గాడులు లోపలికి పోకూడదు. బిట్ లేకుండా ఖాళీ కొలెట్ బిగించొద్దు. బిట్ మార్చిన ప్రతిసారీ టేపర్ లోపల గుడ్డతో తుడవండి, ఎండీఎఫ్ పొడి రవ్వంత ఉన్నా బిట్ వంకరగా తిరుగుద్ది.

స్పానర్లు ఈఆర్11 నట్టుకి 17, ఈఆర్16కి 25, ఈఆర్20కి 30. స్పిండిల్ షాఫ్ట్ పట్టుకోవడానికి ఇంకోటి కావాలి, అది మెషిన్‌ని బట్టి, కొలుచుకోండి.

కొత్తగా మొదలెట్టేవాళ్ళు పదిహేను కొలెట్ల డబ్బా కొనకండి. ఈఆర్11 ఉంటే 3.175, 6, 6.35 మూడు చాలు, అదే డబ్బులకి కాస్త మంచి రకం వస్తాయి. రాణిగంజ్‌లో గానీ బాలానగర్‌లో గానీ టూల్స్ షాపుకి వెళ్తే బిట్లు, నట్టు జేబులో వేసుకెళ్ళండి, కొలెట్‌లో బిట్ పెట్టి చూసి, నట్టులో టక్ మని కూర్చుందో లేదో చూసి తర్వాతే డబ్బులివ్వండి.